వట్టి చేతులతో వెళ్లకూడదని

గుడికి, గురువు దగ్గరికి, పసిపిల్లలున్న ఇంటికి, కడుపుతో ఉన్న ఆడపిల్ల దగ్గరికి, జబ్బుపడ్డ మనిషి దగ్గరికి వట్టి చేతులతో వెళ్లకూడదని మన పెద్దలు చెబుతారు. ఆ మాట నాకు ఇష్టం. గుడికి కొబ్బరికాయ, పసివాడికి గిలక్కాయ, కడుపుతో ఉన్న పిల్లకు పులుపో తీపో అని ఎవరూ చెప్పకుండానే మనకు తెలుస్తుంది. క్యాన్సర్‌కు మందు ఎక్కించుకుంటున్న మనిషికి ఏం పట్టుకెళ్లాలో మాత్రం మనకెవరూ నేర్పలేదు. అందుకే డజను యాపిల్ పళ్లు, ఒక హార్లిక్స్ సీసా కొనుక్కుని బయల్దేరతాం.

విజయవాడలో నేను తెలుగు చెప్పిన ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ మేడమ్‌కు రొమ్ము క్యాన్సర్ అని తేలినప్పుడు మా స్టాఫ్‌రూమ్‌లో మొదట లేచిన ప్రశ్న కూడా అదే: ఏం పట్టుకెళ్దాం?

ఆగస్టులో ఆవిడకు ఆపరేషన్ అయింది. కుడి వైపు. చంకలోని గ్రంథులు కూడా తీశారు కాబట్టి ఇక ఆ చేత్తో బరువులెత్తకూడదు, ఆ చేతికి సూది గుచ్చనివ్వకూడదు, బీపీ పట్టీ కట్టనివ్వకూడదన్నారు. భుజం దాటి చెయ్యి పైకి లేవడానికే చాలాకాలం పట్టింది. బోర్డు ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఈక్వేషన్లు రాసి, చెంగుకు అంటిన సుద్దపొడి దులుపుకుంటూ క్లాసులోంచి బయటికొచ్చే మనిషి. ఆ చెయ్యే ఆవిడ ఉద్యోగం.

సెప్టెంబరులో కీమో మొదలైంది. మొదటి నాలుగు విడతలూ మూడు వారాలకొకటి, ఎర్ర మందుతో. ఆ తర్వాత వేరే మందు వారం వారం, 12 వారాలు. దాంతోపాటు మొదలయ్యేది ఇంకో ఇంజెక్షను. పరీక్షలో హెర్2 పాజిటివ్ వచ్చినవాళ్లకు ఇస్తారు. అది మూడు వారాలకొకటి చొప్పున ఏడాది పొడుగునా తీసుకోవాలి. ఖర్చంతా అక్కడే ఉంది.

ఎర్ర మందు అసలు పేరు డాక్సోరూబిసిన్. దాన్ని నర్సు పక్కనే కూర్చుని సిరంజితో నెమ్మదిగా ఎక్కిస్తుంది. నరం దాటి బయటికి కారితే కండ కాలిపోతుంది కాబట్టి అంత జాగ్రత్త. తర్వాత ఒకటి రెండు రోజులు మూత్రం కూడా ఎర్రగా వస్తుంది. మొదటి విడత రోజున మా కెమిస్ట్రీ మేడమ్ ఆ సిరంజి వంక చూస్తూ పక్కనున్న కూతురికి దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పిందట. ఇటలీలో ఒక పాత కోట దగ్గర తీసిన మట్టిలో ఎర్రటి రంగును తయారుచేసే సూక్ష్మజీవి దొరికిందనీ, ఆ రంగు వెంట పడి వెతికితే ఈ మందుల కుటుంబం బయటపడిందనీ, అక్కడి ఏడ్రియాటిక్ సముద్రం పేరు కలిసొచ్చేలా దీనికి ఏడ్రియామైసిన్ అని పేరు పెట్టారనీ. వాంతి రాకుండా వేసిన ఇంజెక్షను మత్తులో ఉండి కూడా పాఠం చెప్పే మనిషి అంటే మీకు అర్థమవుతుంది కదా, ఎలాంటి టీచరో.

చుట్టాలు, ఇరుగుపొరుగు ఎవరూ వట్టి చేతులతో రాలేదు. ద్రాక్షపళ్లు తెచ్చారు, గులాబీల బొకేలు తెచ్చారు, మంచి వాసనేసే అగరొత్తుల డబ్బా తెచ్చారు. గోంగూర పచ్చడి, గోధుమగడ్డి పొడి, లక్ష్మణఫలం ఆకుల కషాయం తెచ్చారు. ధైర్యంగా ఉంటే జబ్బు దానంతటదే పారిపోతుందని చెప్పే పుస్తకాలు తెచ్చారు. అన్నీ ప్రేమతో తెచ్చినవే. ఒక్కటీ ఆవిడ దాకా వెళ్లలేదు.

ఎందుకంటే, మందు ఎక్కిన ఏడో రోజు నుంచి పద్నాలుగో రోజు దాకా రక్తంలో తెల్లకణాలు బాగా పడిపోతాయి. అప్పుడు చిన్న సూక్ష్మజీవి అయినా ఆస్పత్రి పాలు చేస్తుంది. అందుకని కడిగినా పూర్తిగా శుభ్రం కాని ద్రాక్షలాంటి పళ్లు, కుండీలో నీళ్లలో నిలవుండే పూలు ఇంట్లో వద్దని ఆవిడ డాక్టరు చెప్పారు. తొక్క ఒలుచుకుని తినే కమలా, అరటి పరవాలేదు. అగరొత్తి వాసనకు, పక్కింట్లో పెట్టిన తాలింపు ఘాటుకు కూడా కడుపులో తిప్పేది. నోరు పూసి, ఉప్పూకారం తగిలితే మంట. గోంగూర మాట వింటేనే కళ్లలో నీళ్లు. స్టీలు గ్లాసుతో మంచినీళ్లు తాగినా ఇనుము నాకినట్టుండేదట. ఆకు పసర్లు, పొడులు తమకు చెప్పకుండా ఏవీ తాగొద్దనీ, అసలు మందుతో అవి ఎలా కలబడతాయో ముందుగా చెప్పలేమనీ డాక్టరు గట్టిగా చెప్పారు. ఇక ఆ పుస్తకాలు. ధైర్యంగా లేకపోవడం వల్లే జబ్బు తగ్గడం లేదేమోనని వాంతుల మధ్య ఒక మనిషి చేత అనుకునేలా చేసే పుస్తకం ఏదైనా సరే, రోగి చేతిలో పెట్టకూడదని నా గట్టి అభిప్రాయం.

మూడో వారంలో జుట్టు ఊడింది. వాళ్ల పెద్దమ్మగారి అమ్మాయి ఖరీదు పెట్టి విగ్గు తెచ్చింది. విజయవాడ ఉక్కలో ఆ విగ్గు పెట్టుకుని పది నిమిషాలు కూర్చోవడం ఆరోగ్యంగా ఉన్నవాళ్లకే కష్టం. “తిరుపతిలో ఇచ్చుకున్నాననుకో” అన్నారు కొందరు. అన్నవాళ్లు మంచివాళ్లే. మొక్కుకుని, తలవంచి ఇచ్చుకునేది వేరు. పొద్దున్నే లేచేసరికి దిండు మీద కుచ్చులు కుచ్చులుగా కనపడేది వేరు.

ఈ సంగతులన్నీ మాకు తర్వాత తెలిశాయి. మొదట మేము కూడా మనిషికి ఇంత అని చందా వేసుకుని పళ్లబుట్ట, వెండి లక్ష్మీదేవి విగ్రహం కొందామనే అనుకున్నాం. బోటనీ మేడమ్ లిస్టు రాస్తుంటే, స్టాఫ్‌రూమ్‌లోకి ప్రాక్టికల్ రికార్డులు మోసుకొచ్చిన మా ల్యాబ్ అటెండరు గుమ్మంలో ఆగిపోయాడు.

“తప్పుగా అనుకోకపోతే ఒక మాట చెప్తాను మేడమ్. పళ్లొద్దు” అన్నాడు.

అప్పటిదాకా మాలో ఒక్కరికీ తెలియదు, కొన్నేళ్ల కిందట వాళ్లావిడకు గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్ వస్తే హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే ఆస్పత్రికి నెలల తరబడి తిప్పాడని. ఇప్పుడావిడ మనవడిని చంకనేసుకుని తిరుగుతోంది.

“మా ఇంట్లో పళ్లు కుళ్లిపోతుంటే తీసి పారబొయ్యడం నాకో పని అయ్యేది. అందరూ వచ్చి, ‘ఏం కావాలన్నా మొహమాటపడకుండా అడుగు’ అనేవాళ్లు. ఎవరడుగుతారు సార్? జబ్బు చేసినోళ్ల ఇంట్లో ఏం అడగాలో తోచదు. ‘మంగళవారం నేనొచ్చి ఆవిడ దగ్గర కూర్చుంటా, నువ్వు ఆ రెండు గంటలూ పడుకో’ అన్నవాడే నాకు దేవుడు. వంట చేసి పంపితే మెత్తగా, కారం లేకుండా పంపండి. పారేసే డబ్బాల్లో పంపండి. మీ క్యారేజీ గిన్నెలు తోమి తిరిగివ్వాల్సిన పని మాకు పెట్టకండి.”

ఎవరో కుర్చీ జరిపారు. అతను కూర్చోలేదు.

“రైల్లో క్యాన్సర్ రోగికి స్లీపర్ టికెట్టు పూర్తిగా మాఫీ అనీ, తోడెళ్లేవాడికి ముప్పావు వంతు తగ్గిస్తారనీ మాకు తెలీదు. డబ్బు పెట్టి టికెట్లు కొనుక్కునే తిరిగాం. ఒకరోజు ఆస్పత్రి వరండాలో ముక్కూమొహం తెలీనాయన అడిగి తెలుసుకుని, ఫారం తెచ్చి, లోపలికెళ్లి డాక్టరుగారి సంతకం, సీలు వేయించుకొచ్చి నా చేతిలో పెట్టాడు. మా చుట్టాలు ఏమేం తెచ్చారో ఒక్కటీ గుర్తులేదు మేడమ్. ఆ కాగితం గుర్తుంది.”

అతను రికార్డులు బల్ల మీద పెట్టి వెళ్లిపోయాక బోటనీ మేడమ్ లిస్టు కొట్టేసింది.

ఆ తర్వాత జరిగిన చర్చ ఆ స్టాఫ్‌రూమ్‌లో నేను విన్న చర్చలన్నిటిలోకీ గొప్పది. మనకు తోచింది కాదు, ఆవిడకు అవసరమైంది ఇవ్వాలి. ఆవిడకు అవసరమైంది ఏమిటి? లెక్కల మాస్టారు కాగితం తీసుకుని సూటిగా అసలు విషయానికి వచ్చారు. ఉన్న సెలవులు ఆపరేషన్‌తోనే అయిపోయాయి. ఇక మీదట రాని ప్రతి రోజుకూ జీతం కోత. రాని రోజులు ఎక్కువైతే రిజిస్టరులోంచి పేరే తీసేస్తారు. పేరు తీస్తే కాలేజీ ఇచ్చిన గ్రూపు ఇన్సూరెన్సు కార్డు చెల్లదు. ఏడాదికి ఐదు లక్షల దాకా ఆ కార్డు మీదే ఆస్పత్రి బిల్లులు నడుస్తున్నాయి. రెండు సంపాదనల ఇల్లని, సర్కారు వైద్యసాయానికి పనికొచ్చే తెల్ల కార్డు లేదు. భర్తకు ఆటోనగర్‌లో చిన్న స్పేర్‌పార్టుల కొట్టు. దానికి ఇన్సూరెన్సు ఎక్కడిది? జబ్బు బయటపడ్డాక కొత్త పాలసీ కోసం ఏ కంపెనీ గడప తొక్కినా ఏం చెబుతారో అందరికీ తెలిసిందే.

“అంటే ఆవిడకు మనం ఇవ్వగలిగిన కానుక ఒక్కటే” అన్నారు లెక్కల మాస్టారు. “రిజిస్టరులో ఆవిడ పేరు.”

టైమ్‌టేబుల్ అలా పుట్టింది. కెమిస్ట్రీలో మిగిలిన ఇద్దరూ సీనియర్ ఇంటర్ క్లాసులు ఎక్కువ భాగం పంచుకున్నారు. ఎలక్ట్రోకెమిస్ట్రీ, కైనెటిక్స్ తను చెబుతానన్నారు ఫిజిక్స్ సార్. బయోమాలిక్యూల్స్ బోటనీ మేడమ్ తీసుకుంది. మోల్ లెక్కలు, సొల్యూషన్స్ లెక్కలు లెక్కల మాస్టారు. కెమిస్ట్రీ రాని మేం నలుగురం స్టడీ అవర్లు, స్లిప్ టెస్టులు, కీ దగ్గర పెట్టుకుని దిద్దగలిగిన పేపర్లు పంచుకున్నాం. తొమ్మిది మందిమి. ఎవరూ పైసా అడగలేదు. అందరికీ ఉన్న ఖాళీ పీరియడ్లే అవి. ప్రైవేటు కాలేజీలో పనిచేసినవాళ్లకు తెలుసు, ఆ ఖాళీ పీరియడు అంటే ఏమిటో. గొంతు తడుపుకునేది, కాళ్లు చాపుకునేది, ఇంటికి ఫోన్ చేసుకునేది అప్పుడే.

ప్రిన్సిపాల్ గారి గదికి అందరం కలిసే వెళ్లాం. ఆయన శ్రద్ధగా విన్నారు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు కూడా. “క్లాసులు ఆగకపోతే ఆవిడ పేరు తీసే ప్రశ్నే లేదు. సగం జీతం ఇప్పిస్తాను, ఇన్సూరెన్సు కదలదు. కాకపోతే నోటిమాటగా వద్దు. కాగితం మీద పెట్టి మీరంతా సంతకాలు చేసివ్వండి, మేనేజ్‌మెంటుకు చూపించి ఒప్పిస్తాను” అన్నారు.

నా అక్షరాలు గుండ్రంగా ఉంటాయని ఆ పని నాకు అప్పగించారు. తెల్ల కాగితం మీద స్కేలు పెట్టి గళ్లు గీసి, వారాలు, పీరియడ్లు, పేర్లు రాశాను. పైన ఎర్ర స్కెచ్‌పెన్నుతో పెద్దక్షరాల్లో శీర్షిక పెట్టాను: “కెమిస్ట్రీ మేడమ్ వచ్చేవరకు”. కింద తొమ్మిది మందీ సంతకాలు చేశారు. ప్రిన్సిపాల్ గారు స్టాంపు వేసి ఫైల్లో పెట్టుకున్నారు.

ఆ నెలలు బరువుగానే గడిచాయి గానీ మాలో ఎవరికీ బరువనిపించలేదు. కీమో రోజున పిల్లను కాలేజీ మాన్పించకుండా, భర్త కొట్టు మూయకుండా మాలో ఒకరం ఆస్పత్రిలో తోడు కూర్చునేవాళ్లం. ఏం మాట్లాడాలా అని మొదట భయపడ్డాం. ఆవిడే చెప్పింది, “మాట్లాడొద్దు, పేపర్లు దిద్దుకోండి, నాకు ఆ చప్పుడు ఇష్టం” అని. అలాగే చేశాం. ఆవిడ కళ్లు మూసుకుని పడుకునేది. మధ్యలో ఒక కన్ను తెరిచి, “ఎన్నొచ్చాయి వాడికి?” అనేది.

పిల్లలు తమ వంతుగా డౌట్ల పుస్తకం పెట్టారు. వారమంతా వచ్చిన సందేహాలు ఒక నోటుబుక్కులో రాస్తే, శనివారం ఎవరో ఒకరం ఫొటోలు తీసి ఆవిడకు పంపేవాళ్లం. ప్రతి విడతకూ మూడో వారంలో, ఒంట్లో కాస్త ఓపిక చేరాక, ఆవిడ ఒక్కొక్కదానికీ ఫోన్లో గొంతు రికార్డు చేసి పంపేది. సోమవారం క్లాసులో స్పీకరు పెట్టి వినిపించేవాళ్లం. ఆ పది నిమిషాలు 80 మంది పిల్లల్లో ఒక్కడు దగ్గేవాడు కాదు. ఆవిడకు ఎవరెన్ని తెచ్చినా ఆ నోటుబుక్కుకు సాటి రాలేదని నేననుకుంటాను. మిగతా ప్రపంచానికంతటికీ ఆవిడ అప్పుడు పేషెంటు. ఆ పుస్తకానికి మాత్రం టీచరు.

ఒకసారి ఒక కుర్రాడు సిలబస్‌లో లేని ప్రశ్న రాశాడు: “మేడమ్, మీకు ఎక్కిస్తున్నది కూడా కెమిస్ట్రీయేనా?” వద్దులే అని కొట్టేయబోతే బోటనీ మేడమ్ ఆపి, పంపమంది. జవాబు అన్నిటికన్నా పొడుగ్గా వచ్చింది.

“అవును నాన్నా, కెమిస్ట్రీయే. అందులో మనవాడి చెయ్యి కూడా ఉంది. ఎల్లాప్రగడ సుబ్బారావు గారు 1895లో భీమవరంలో పుట్టారు. మెట్రిక్ రెండుసార్లు తప్పి మూడోసారి పాసయ్యారు, వింటున్నారా వెనక బెంచీ? అమెరికా వెళ్లి హార్వర్డ్‌లో అంత పని చేసినా అక్కడ ఆయనకు పర్మనెంటు పోస్టు దక్కలేదు. లెడర్లీ అనే మందుల కంపెనీకి వెళ్లిపోయారు. అక్కడ ఆయన బృందం తయారుచేసిన మందును బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు రక్త క్యాన్సర్ వచ్చిన చిన్నపిల్లలకిచ్చి, 1948లో ఫలితాలు ప్రకటించాడు. కొంతకాలమే అయినా మందుతో ఆ జబ్బు వెనక్కి తగ్గింది అప్పుడే. ఆ కోవలోదే మెథోట్రెక్సేట్. ఇప్పటికీ వాడుతున్నారు. సుబ్బారావు గారు ఆ ఏడాదే పోయారు. సరే, ఇప్పుడు మన ఆల్డిహైడ్ల దగ్గరికి రండి.”

డిసెంబరు చివర్లో స్టాఫ్ మీటింగులో ప్రిన్సిపాల్ గారు మా గురించి ప్రత్యేకంగా చెప్పారు. సెప్టెంబరు నుంచి ఒక్క కెమిస్ట్రీ క్లాసు ఆగలేదనీ, హాఫ్‌ఇయర్లీలో ఆ సబ్జెక్టు సగటు మార్కులు ఒక్కటి కూడా తగ్గలేదనీ, ఇలాంటి స్టాఫ్ ఉండటం సంస్థ అదృష్టమనీ అన్నారు. అందరం చప్పట్లు కొట్టుకున్నాం. పోయిన ఖాళీ పీరియడ్లన్నీ ఆ ఒక్క మాటతో తిరిగొచ్చినట్టనిపించింది.

అప్పటికి ఆవిడకు రెండో మందు నడుస్తోంది. పాక్లిటాక్సెల్. పసిఫిక్ యూ అనే చెట్టు బెరడులోంచి మొదట తీసిన మందని బోటనీ మేడమ్ మాకు చెప్పింది. వాంతులు తగ్గాయి గానీ వేళ్ల చివరలు తిమ్మిరెక్కాయి. చెంచా జారిపోయేది. చొక్కా గుండీ పెట్టుకోవడం చేతకాక ఆవిడ ఒకరోజు ఏడ్చిందని కూతురు చెప్పింది.

సంక్రాంతి సెలవులిచ్చే ముందు అందరం కలిసి వెళ్దామనుకున్నాం. ఈసారి ఏం కొనాలో తెలుసు. బీసెంట్ రోడ్డులో ముందు తెరుచుకునే మెత్తటి నూలు నైటీలు నాలుగు తీసుకున్నాం. బోటనీ మేడమ్ రాత్రి కూర్చుని వాటి గుండీలన్నీ కోసేసి టిచ్ బటన్లు కుట్టింది, వేళ్ల తిమ్మిరితో కూడా నొక్కితే పడేలా. మా అమ్మ పాత మంగళగిరి చీర చింపి నేను తలకు టోపీలు కుట్టించాను. కొత్త బట్ట కుట్టు బోడితల మీద గీరుకుంటుంది. వందసార్లు ఉతికిన నూలు గీరుకోదు. చెక్క చెంచాలు, పింగాణీ కప్పు, పసిపిల్లలకు వాడేంత మెత్తటి పళ్లబ్రష్షు, నోరు ఎండినప్పుడు చప్పరించడానికి నిమ్మ బిళ్లలు. ఫిజిక్స్ సార్ ఫిబ్రవరి చివరి దాకా ఏ వారం ఎవరి కారులో ఆస్పత్రికి వెళ్లాలో కార్డు రాసి తెచ్చారు. ల్యాబ్ అటెండరు వాళ్లావిడ మెత్తగా చేసిన అరిసెలు పంపింది; మూత మీద “డబ్బా తిరిగివ్వక్కర్లేదు” అని చీటీ.

బయల్దేరుతుంటే కాలేజీ అడ్మినిస్ట్రేటివ్ ఆఫీసర్ గారు గేటు దాకా వచ్చారు. చేతిలో ఒక శాలువా, దాని మీద అంటించిన పెద్ద కవరు.

“మేనేజ్‌మెంటు తరఫున. మీరెలాగూ వెళ్తున్నారు కదా, మీ చేత్తోనే ఇచ్చేయండి” అన్నారు.

మాకెంత సంతోషమైందో చెప్పలేను. దారంతా ఆ కవరు గురించే మాట్లాడుకున్నాం. చెక్కయి ఉంటుందన్నారు లెక్కల మాస్టారు. కోసిన సగం జీతం పండక్కి ఇచ్చేస్తున్నారేమోనన్నారు ఫిజిక్స్ సార్.

ఆవిడ వసారాలో పడక్కుర్చీలో కూర్చుని ఉంది. మొహం కాస్త ఉబ్బింది, కనుబొమలు లేవు, నవ్వు మాత్రం అదే. నైటీ తీసి ఒళ్లో పెట్టుకుని టిచ్ బటన్లు ఒక్కొక్కటే నొక్కి చూసింది. పడ్డాయి. మళ్లీ తీసి మళ్లీ నొక్కింది. “ఎవరికొచ్చింది ఈ ఆలోచన?” అంది. మేమంతా బోటనీ మేడమ్ వంక చూశాం. టోపీ పెట్టుకుని కూతురిని అద్దం తెమ్మంది. పండగ సెలవులయ్యాక, బోర్డు మీద రాయలేకపోయినా కుర్చీలో కూర్చుని క్లాసు చెప్పగలనని డాక్టరుతో మాట్లాడానని చెప్పింది. ప్రీఫైనల్స్‌కు ముందు రివిజన్ తనే చేయిస్తానంది. ఆర్గానిక్‌లో పిల్లలు ఎక్కడ తప్పు చేస్తారో తనకు తప్ప ఇంకెవరికీ తెలియదంది. మేం కూడా ఒప్పుకున్నాం.

అప్పుడు శాలువా కప్పి, కవరు చేతికిచ్చాను. వేళ్లతో అంచు చింపబోయి, చేతకాక, కూతురికిచ్చింది.

“చదువమ్మా, అందరూ వింటారు.”

ఆ పిల్ల నిలబడి, స్కూల్లో ప్రైజు కాగితం చదివినట్టు గట్టిగా మొదలుపెట్టింది. ఇంగ్లీషులో ఉంది. మేడమ్ త్వరగా కోలుకోవాలని మేనేజ్‌మెంటు మనస్ఫూర్తిగా కోరుకుంటోందని మొదటి వాక్యం. రెండో వాక్యం సగంలో ఆ పిల్ల గొంతు ఆగిపోయింది. కాగితం నా వైపు చాపింది. “మీరు చదవండి ఆంటీ” అంది.

చదివాను. సెప్టెంబరు నుంచి ఇప్పటిదాకా మీ సబ్జెక్టు క్లాసులన్నీ ఉన్న స్టాఫ్‌తోనే ఏ లోటూ లేకుండా జరిగాయి. సగటు మార్కులు కూడా తగ్గలేదు. దీన్నిబట్టి మీ పోస్టు సంస్థకు అవసరం లేదని నిర్ధారణ అయినందువల్ల ఈ నెలాఖరుతో మిమ్మల్ని విధుల నుంచి తప్పిస్తున్నాము. ఇకపై ఏ ఒత్తిడీ లేకుండా విశ్రాంతి తీసుకోగలరు. ఐడీ కార్డు, ఇన్సూరెన్సు కార్డు ఆఫీసులో అప్పగించగలరు. జత: ఒకటి.

వెనక పేజీ తిప్పాను. మా టైమ్‌టేబుల్ జిరాక్సు. నేను గీసిన గళ్లు, నా గుండ్రటి అక్షరాలు, కింద మా తొమ్మిది మంది సంతకాలు, స్టాంపు. అన్నీ ఉన్నాయి. పైన ఎర్ర స్కెచ్‌పెన్నుతో నేను రాసిన వరస మీద మాత్రం తెల్లకాగితం కప్పి జిరాక్సు తీశారు.